మన తిరుపతి బైరాగిపట్టెడలో తోపులాటలో పోయిన ఆ ఆరుగురికి గుర్తుగా ఏం పెడితే బాగుంటాది?

కోనేటికట్ట_వాసి
అందరికీ నమస్కారం. 2025 జనవరి 8 రాత్రి సంగతి ఈడ ఎవరికీ కొత్తగా చెప్పబల్లేదు. వైకుంఠ ద్వార దర్శనం టోకెన్లు 9వ తేదీ తెల్లారుజామున ఇస్తామంటే ముందురోజే జనం వచ్చేసినారు, పార్కులో కూర్చోబెట్టినోళ్ళు గేటు తీసేసరికి ఒక్కసారిగా తోసుకోని, ఆరుగురి ప్రాణాలు పోయినాయి. మేం పొద్దున్నే వాకింగ్ పోయేవాళ్ళం కొందరం ఉండాం, ఆ ఆరుగురి పేర్లతో ఆడ ఏదైనా గుర్తు ఉండాలని మాలో మాట వచ్చింది. వాళ్ళు మన ఊరోళ్ళు కాదు, మన ఊరికి వచ్చినోళ్ళు, అందుకే ఆ పని మనమే అడగాల అని నా ఉద్దేశం. కార్పొరేషన్‌కి అర్జీ రాద్దామంటే డిజైన్ కాడ మాకే పొసగడం లేదు, ఒకాయన విగ్రహం అంటాడు, ఒకాయన స్థూపం అంటాడు, ఒకామె చెట్లు చాలంటాది. మీరేమంటారు? తప్పెవరిది అనేది దయచేసి ఈడ వద్దు, దానికి రిటైర్డ్ జడ్జితో న్యాయ విచారణ వేసినారు, ఆ గొడవ వేరే థ్రెడ్‌లో పడదాం.

పీలేరు_పిల్లోడు
విగ్రహం అంటే ఎవరిది అన్నా? ఆరుగురివీనా? మనోళ్ళు చేసే బొమ్మల్లో పోలికలు రావు, ఇంట్లోవాళ్ళు వచ్చి చూస్తే ఇంకా బాధ.

సిమెంటు_సారు
నేను మున్సిపల్ పనుల్లో సర్వీసంతా చేసి రిటైరైనోణ్ణి, రెండు మాటలు చెప్తా. మొదటిది, రోడ్డు మీదో ఫుట్‌పాత్ మీదో అయితే ఆశ పెట్టుకోవద్దు. 2013 జనవరిలో సుప్రీంకోర్టు పబ్లిక్ రోడ్లు, పేవ్‌మెంట్ల మీద కొత్తగా విగ్రహాలు, కట్టడాలు పెట్టనివ్వొద్దని రాష్ట్రాలకి చెప్పింది. కాబట్టి పార్కు లోపలో, స్కూలు కాంపౌండ్ గోడకి ఆనుకునో ఉండాల, దానికి ఆ స్థలం ఎవరి పేరున ఉందో చూసుకోని కౌన్సిల్ తీర్మానం అడగాల.

రెండోది, ఇది ఎవరూ ఆలోచించరు. ఆ రోజు ప్రాణాలు పోయింది గేటు కాడ. స్మారకం అని చెప్పి ఆ గేటు పక్కనే నాలుగడుగుల వెడల్పున దిమ్మె, చుట్టూ గొలుసు, ముందర రెండు మెట్లు కట్టినామనుకో, రేపు మళ్ళీ జనం వచ్చినప్పుడు దారి ఇంకా ఇరుకవతాది. జనం మీదపడేటప్పుడు మోకాలెత్తు దిమ్మె కంటే ప్రమాదమైనది లేదు, దానికి తట్టుకోనే ముందు వరస పడిపోతాది, వాళ్ళ మీద వెనకాలోళ్ళు. పోయినోళ్ళ పేరు చెప్పి ఇంకో ప్రమాదానికి మనమే దారి తీసినట్టవతాది. ఏం పెట్టినా నడిచే దారికి అడుగు దూరం కూడా రాకూడదు, గోడలోకి పొదిగిందో, నేలకి సమానంగా ఉండేదో అయితేనే నేను ఒప్పుకుంటా.

ఎస్వీ_స్కెచ్‌బుక్
సార్ చెప్పింది కరెక్ట్. నేను ఆర్కిటెక్చర్ చదువుతా ఉండా, నా మనసులో ఉండేది చెప్తా. జనసమ్మర్దం మీద పనిచేసే ఇంజనీర్లు చెప్పేదేందంటే ఒక చదరపు మీటరులో నలుగురు దాకా ఉంటే మనిషి తన కాళ్ళ మీద తాను కదలగలడు, ఏడుగురు దాకా పోయిందంటే ఇంక మనిషి చేతిలో ఏమీ ఉండదు, జనం మొత్తం నీళ్ళ మాదిరి ఊగుతాది, ఒకచోట తోస్తే ఇంకోచోట అల వస్తాది. చాలామంది కింద పడి తొక్కితే చనిపోరు, నిలబడే ఊపిరాడక పోతారు, ఛాతీ ఉబ్బడానికి చోటుండదు. ఇది మనలో ఎంతమందికి తెలుసు? అందుకని గేటు లోపల నేల మీద ఒక మీటరు చదరం రాయి పరిచి, దాంట్లో ఏడు జతల పాదాలు చెక్కితే? దాని పక్కనే ఇంకో చదరం, అందులో నాలుగు జతలే. పిల్లోడు కూడా నిలబడి చూస్తే అర్థమైపోతాది. పేర్లు పక్క గోడ మీద.

మంగళం_మాలతి
ఐడియా బాగుంది కానీ నాయనా, నువ్వు ఏ ఊళ్ళో ఉండావో మర్చిపోయినావు. తిరుపతిలో రాతి మీద పాదాలు చెక్కితే తెల్లారేసరికి పసుపు కుంకుమ, సాయంత్రానికి కర్పూరం, వారంలో ఎవరో ఒకరు పక్కన పళ్ళెం పెట్టుకోని కూర్చుంటారు. శ్రీవారి పాదాలని ఆటోవాళ్ళు చూపించేస్తారు కూడా 😀

పీలేరు_పిల్లోడు
అక్కా నిజం!! అలిపిరి కాడ మామూలు మైలురాయికే బొట్టు పెట్టినోళ్ళని నేను చూసినా

ఎస్వీ_స్కెచ్‌బుక్
సరే పాదాలు క్యాన్సిల్. గుండ్రాలు పెడదాం, పైనుంచి చూస్తే తలలు భుజాలు ఎట్లుంటాయో అట్ల. దానికైతే ఎవరూ దండం పెట్టరు అనుకుంటా.

చిత్తూరు_రాయి
మాది గ్రానైట్ పని, చిత్తూరు. రాయి గురించి మాత్రం చెప్తా, మిగతాది మీరు చూసుకోండి. అందరూ నల్లరాయి పాలిష్ అంటారు, ఫోటోలో బాగుంటాది కాబట్టి. మే నెల్లో మధ్యాహ్నం దాని మీద చెయ్యి పెట్టి చూడండి, కాలి పోతాది. కూర్చునే చోటుకి నల్లది వద్దు. కుప్పం గ్రీన్ ఉండాది, మన జిల్లా రాయి, ముదురు ఆకుపచ్చ, పేర్ల పలకకి అది బ్రహ్మాండంగా ఉంటాది. నేలకి అయితే పాలిష్ పనికిరాదు, ఫ్లేమింగ్ కొట్టించాల, అంటే మంటతో పైపొర చిట్లగొట్టి గరుకు చేస్తారు, వానలో జారదు.

అక్షరాల కాడ అందరూ మోసపోతారు. పైపైన గీసి గోల్డ్ పెయింట్ పూస్తారు, ఓపెనింగ్ రోజు మెరుస్తాది, రెండు ఎండాకాలాలు పోతే పెయింట్ ఊడిపోయి ఒక్క అక్షరం కనపడదు. లోతుగా, వి ఆకారంలో తొలిపించండి. పెయింట్ లేకపోయినా నీడ పడి చదవొచ్చు, వెయ్యేళ్ళ నాటి శాసనాలు మనకింకా అట్లనే కనపడతా ఉండాయి. తెలుగు అక్షరానికి గుండ్రాలు జాస్తి కాబట్టి సైజు పెద్దది పెట్టాల, చిన్న సైజులో ఒత్తులు విరిగిపోతాయి, ముఖ్యంగా కింద వచ్చేవి. కంప్యూటర్ ఫాంటు అట్లనే దించకుండా, మన శిల్ప కళాశాలలో చదివినోళ్ళ చేత రాయించుకుంటే మంచిది, చేతిపని తెలిసిన పిల్లోళ్ళు ఉండారు.

రాయలచెరువు_రోడ్
అంతా బాగానే ఉంది. నాకు ఒకటే డౌటు. 2021 మే 10 రాత్రి మన పెద్దాసుపత్రిలో ఆక్సిజన్ అందక చనిపోయినోళ్ళు ప్రభుత్వం లెక్కలోనే 11 మంది. వాళ్ళకి ఎవరు రాయి పెట్టినారు? అదే ఏడు నవంబర్‌లో వరదలకి పోయినోళ్ళు? 2022 మార్చిలో భాకరాపేట ఘాట్‌లో పెళ్ళి వాళ్ళ బస్సు లోయలో పడిపోయింది, వాళ్ళు? టీవీలో ఎక్కువ రోజులు చూపించిన వాటికేనా స్మారకం? అన్నిటికీ కలిపి ఒకటి పెట్టేస్తే పోద్ది కదా.

కోనేటికట్ట_వాసి
మీ బాధ అర్థమైంది అన్నా. అన్నిటికీ కలిపి అంటే కొంచెం ఆలోచించాల.

మంగళం_మాలతి
కలిపితే ఎవరికీ పెట్టినట్టు కాదు. "వివిధ దుర్ఘటనలలో అమరులైన వారికి" అని ఒక రాయి పాతితే అది చదివి ఎవరికైనా ఏమైనా తెలుస్తాదా? ఆసుపత్రిలో పోయినోళ్ళది వేరే కథ, వేరే చోటు, అది అక్కడే ఉండాల, ఆ వాకిట్లోనే. మీరు ఆ పని మొదలుపెట్టండి రాయలచెరువన్నా, మేమందరం సంతకం పెడతాం. దీన్ని ఆపడానికి దాన్ని అడ్డం తేవద్దు, అంతే.

రాయలచెరువు_రోడ్
ఆపడానికి అనలేదు మేడమ్. అడగాలనిపించింది అడిగినా. మన ఊరోళ్ళు కాబట్టి మర్చిపోయినామా అని.

సీలేరు_సత్తెమ్మ
నమస్తే అండి. మాది నర్సీపట్నం అవతల. ఆ రోజు నేను కూడా తిరపతిలోనే ఉన్నాను, మీరనే చోట కాదు, వేరే సెంటర్ కాడ లైన్లో. మా వైపు నుంచి వచ్చినోళ్ళు పోయారు కదా అని రాస్తన్నాను. రాయి ఏ రంగో నాకు తెలీదు గానండి, ఆ రోజు మేం పడ్డ కష్టం ఏటంటే బాత్రూం. పొద్దున్న వచ్చి కూర్చున్నాం, లేచి వెళ్తే మళ్ళీ లోపలికి రానివ్వరేమో అని బయం, అందుకని ఆడోళ్ళం ఎవరమూ నీళ్ళు తాగలేదు. నా పక్కన ఒక పెద్దావిడ సుగర్ మనిషి, మజ్జిగ ప్యాకెట్టు ఇస్తే కూడా వద్దంది. కళ్ళు తిరిగి పడిపోవడం అంటే అలాగే పడిపోతారండి, తోపులాట దాకా అక్కర్లేదు. మీరేటి కట్టినా అక్కడ ఆడోళ్ళకి ఒక మంచి బాత్రూం, కూర్చోడానికి నీడ ఉంటే మా వోళ్ళ ఆత్మ శాంతిస్తాదని నాకు అనిపిస్తాది. ఫొటోలు మాత్రం పెట్టకండి. ఎండకి రంగు ఎలిసిపోయిన ఫొటో చూడలేం.

పీలేరు_పిల్లోడు
అమ్మా మీరు చెప్పింది చదివి గమ్మునైపోయినా

బాలాజీకాలనీ_బాబాయ్
ఆమె బాధ నిజమే, కాదనను. కానీ స్మారకం పక్కన మరుగుదొడ్డా? రేపు పేపర్లో ఫోటో వేస్తే ఎట్లుంటాది? పవిత్రంగా ఉండాల్సిన చోటు. సులభ్ కాంప్లెక్స్ వేరే కట్టమని వేరే అర్జీ ఇద్దాం.

మంగళం_మాలతి
వేరే అర్జీ అంటే వేరే జన్మలో బాబాయ్. పక్కనే అంటే గోడకి గోడ ఆనించి అనలేదు కదా, పార్కుకి అవతలి మూల కట్టొచ్చు. చనిపోయిన ఆరుగురిలో ఐదుగురు ఆడోళ్ళు. ఆడమనిషి లైన్లో గంటల తరబడి ఎట్ల కూర్చుంటాదో తెలిసినోళ్ళు డిజైన్ కమిటీలో ఒక్కరైనా ఉంటే ఈ ప్రశ్నే రాదు.

బాలాజీకాలనీ_బాబాయ్
సరేమ్మా. అవతలి మూలైతే నాకేం అభ్యంతరం లేదు.

గుడియాత్తం_మనవడు
మా అమ్మమ్మ వాళ్ళ ఊరు చిత్తూరు దాటి గుడియాత్తం వైపు. ఆ పక్క పాత రోడ్ల పొడుగునా ఒక రకం రాళ్ళుంటాయి, రెండు నిలువు రాళ్ళు, వాటి మీద ఒక అడ్డ రాయి, సుమారు భుజమెత్తు. సుమైదాంగి కల్లు అంటారు తమిళంలో. నెత్తిన గంపో కట్టెల మోపో పెట్టుకోని నడిచిపోయేవాళ్ళు ఇంకొకరి సాయం లేకుండా దాని మీదకి బరువు దించి, ఊపిరి పీల్చుకోని, మళ్ళీ ఎత్తుకోని పోవచ్చు. కడుపుతో ఉండి కాన్పు కాకుండానే చనిపోయిన ఆడబిడ్డ పేరు మీద ఇంట్లోవాళ్ళు దాన్ని పెట్టించేవాళ్ళు. ఆమె దించుకోలేకపోయిన బరువు దారినపోయేవాళ్ళు దించుకుంటే ఆమెకి శాంతి అని నమ్మకం. కొన్నిటి మీద పేరు కూడా ఉంటాది. స్మారకం అంటే ఏందో తెలిసినోళ్ళు చేసిన పని అది. సత్తెమ్మగారు చెప్పింది చదివితే నాకు అదే గుర్తొచ్చింది, మరుగుదొడ్డి, నీడ, నీళ్ళు, ఇవన్నీ ఆ రాయి లాంటివే, మైల పడిపోయేది ఏమీ లేదు. మన పక్క కూడా అమ్మానాన్నల పేరు మీద చలివేంద్రం పెడతాం కదా.

చిత్తూరు_రాయి
ఇది మాత్రం అద్భుతం గురూ. నడుమెత్తుకి తగ్గించి అదే ఆకారంలో బెంచీలు చేస్తే? ఆరు బెంచీలు. బ్యాగు పెట్టుకోవచ్చు, కూర్చోవచ్చు.

సిమెంటు_సారు
ఆరు బెంచీలు గేటుకి వెనకాల, చెట్ల కింద. గేటు ముందర కాదు. మళ్ళీ చెప్తా ఉండా, గేటు ముందర కాదు.

ఎస్వీ_స్కెచ్‌బుక్
బెంచీ కింద భాగంలో పేరు, ఊరు. బెంచీకొకరు. విడివిడిగా.

ఇంకో సంగతి. ఇట్లాంటివి వేరే చోట్ల ఏం చేసినారో చూసినా. కొరియా రాజధాని సియోల్లో ఇతెవాన్ అని ఒక పేట, 2022 అక్టోబర్ 29న హాలోవీన్ పండగ సంబరాలప్పుడు ఒక ఇరుకు సందులో జనం అట్లనే నలిగిపోయినారు, పోయినోళ్ళ లెక్క మొత్తం 159 మంది. ముందు ప్రభుత్వం పెట్టిన నివాళి మండపంలో పేర్లూ లేవు ఫోటోలూ లేవు, వట్టి పూలు, దానికి ఇంట్లోవాళ్ళు చాలా బాధపడినారు. తర్వాత ఏడాది ఆ సందునే గుర్తుగా మార్చినారు. ఇంగ్లండులో హిల్స్‌బరో స్టేడియంలో 1989లో నలిగిపోయినోళ్ళు ముందు 96 అన్నారు, ఆ రోజు దెబ్బతిన్న ఒకాయన 2021లో కన్నుమూస్తే అప్పుడు లెక్క 97 అయింది. అందుకని మన పలకలో కింద కొంచెం ఖాళీ వదలాలనిపిస్తాది, ఆ రాత్రి దెబ్బలు తగిలినోళ్ళు కూడా పదుల్లో ఉండారు కదా. పేరు చెక్కడానికే కాదు, వాళ్ళ గురించి కూడా ఒక లైను ఉండాల.

గుడియాత్తం_మనవడు
భుజ్ భూకంపం వాళ్ళకి గుజరాత్‌లో కొండ మీద స్మృతివనం కట్టినారు, 2022లో తెరిచినారు. అందులో వాన నీళ్ళు పట్టే చెక్‌డ్యాములు కట్టి వాటి గోడలకి చనిపోయినోళ్ళ పేర్ల పలకలు పెట్టినారు. పేరు చదవాలంటే నీళ్ళ కాడికి పోవాల. అంత డబ్బు మనకి లేకపోయినా ఆలోచన మాత్రం తీసుకోవచ్చు.

చెడిపోయినదానికి కూడా ఉదాహరణ ఉండాది. జలియన్‌వాలా బాగ్‌ని 2021లో బాగుచేస్తామని చెప్పి, ఆ ఇరుకు సందు గోడల నిండా బొమ్మలు, లైట్లు పెట్టేసినారు, చరిత్ర చదివినోళ్ళంతా మొత్తుకున్నారు. భయం పుట్టాల్సిన సందు సెల్ఫీ పాయింట్ అయిపోయిందని.

పీలేరు_పిల్లోడు
సెల్ఫీ అంటే గుర్తొచ్చింది, ఐ లవ్ తిరుపతి మాదిరి రంగు లైట్ల అక్షరాలు మాత్రం వద్దు స్వామీ!

టౌన్‌క్లబ్_తాత
అసలు సమస్య మీరెవరూ మాట్లాడలేదు. ప్రారంభోత్సవం ఎవరు చేస్తారు? పలక మీద ఆరుగురి పేర్లు ఇంత సైజులో, మంత్రి, ఎమ్మెల్యే, మేయర్, కమిషనర్ పేర్లు అంత సైజులో ఉంటాయి. మన ఊళ్ళో బస్ షెల్టర్ చూడండి. సంక్రాంతికి బెంచీలకి అడ్డంగా ఫ్లెక్సీలు కడతారు. మీరు ఎంత మంచి డిజైన్ చేసినా ఇదే జరిగేది.

కోనేటికట్ట_వాసి
అర్జీలోనే రాసేద్దాం తాతా, పలక మీద చనిపోయినోళ్ళవి తప్ప ఇంకే పేరూ ఉండకూడదని. ప్రారంభించినవాళ్ళ పలక కావాలంటే మరుగుదొడ్డి గోడకి పెట్టుకోమందాం.

టౌన్‌క్లబ్_తాత
😂 ఆ దెబ్బకి ఎవరూ రారు

మంగళం_మాలతి
నవ్వులాట పక్కన పెడితే పలక మీద ఏం రాయాలో ఎవరైనా చెప్పండి. "శ్రీవారి సన్నిధికి చేరుకున్నారు" అని రాస్తారు, నాకు తెలుసు, మన ఊళ్ళో అట్లనే రాస్తారు. భక్తితో వచ్చినోళ్ళు, నిజమే. కానీ అదొక్కటే రాస్తే ఏదో ముసలితనంతో పోయినట్టు ఉంటాది. తారీఖు, రాత్రి అని, టోకెన్ల కోసం వేచి ఉన్నారని, గేటు తెరిచాక తోపులాట జరిగిందని, ఆరుగురు అని, ఇంతే రాయాల. ఎవరినీ తిట్టక్కర్లేదు, పొగడక్కర్లేదు.

బాలాజీకాలనీ_బాబాయ్
గోవింద నామం పైన ఉండనీమ్మా. వాళ్ళు వచ్చిందే ఆయన కోసం. మిగతాది నువ్వు చెప్పినట్టే రాయండి.

మంగళం_మాలతి
అది నాకూ ఇష్టమే బాబాయ్.

గుడియాత్తం_మనవడు
చనిపోయినోళ్ళలో బయట రాష్ట్రం వాళ్ళు కూడా ఉండారు కాబట్టి వాళ్ళ పేరు వాళ్ళ భాషలో కూడా ఉండాల. సేలం నుంచి వచ్చినామె పిల్లలు వచ్చి తెలుగులో ఉంటే అమ్మ పేరు చదవలేరు. తమిళం అక్షరాలు చెక్కేవాళ్ళు చిత్తూరులో దొరకనిదేముంది.

చిత్తూరు_రాయి
మా షెడ్డులోనే ఉండారు. అక్షరాలకి కూలి నేను తీసుకోను, రాయి ధర మాత్రం ఎవరో ఒకరు ఇవ్వాల, అది నా ఒక్కడి వల్ల కాదు.

సీలేరు_సత్తెమ్మ
ఒకటి అడగొచ్చా అండి. ఆ ఆరు ఇళ్ళవాళ్ళని ఎవరైనా అడిగారా?

కోనేటికట్ట_వాసి
ఇంకా లేదమ్మా. చిరునామాలు ఈడ ఎవరూ పెట్టొద్దు, దయచేసి. అర్జీ ఇచ్చేటప్పుడే కలెక్టరాఫీసు ద్వారా వాళ్ళకి లెటర్ పంపమని అడుగుతాం, వద్దంటే ఆ పేరు ఆపేస్తాం, బెంచీ మాత్రం ఉంటాది.

సీలేరు_సత్తెమ్మ
అలాగయితే మంచిదండి. మావైపు వాళ్ళకి తెలుగులో రాయండి, ఆఫీసు ఇంగ్లీసు వద్దు.

రాయలచెరువు_రోడ్
చెట్ల సంగతి తేల్చండి. ఆరు ఎర్రచందనం మొక్కలు పెడదాం, శేషాచలం చెట్టు, మన పక్క కొండల్లో తప్ప అడవిలో దానంతట అది పుట్టేది చాలా తక్కువ.

టౌన్‌క్లబ్_తాత
దానికి మళ్ళీ టాస్క్‌ఫోర్స్ కాపలా పెట్టాల.

సిమెంటు_సారు
రావి, మర్రి వద్దు, వేళ్ళు గోడ లేపేస్తాయి. కానుగ తొందరగా నీడ ఇస్తాది. పొగడ నిదానం గానీ నీడ చిక్కన, పూల వాసన కూడా. కలిపి పెట్టండి, పొగడ ఎదిగేదాకా కానుగ కింద కూర్చుంటారు. మొక్కలకి మొదటి రెండు వేసవులు నీళ్ళు పోసే మనిషి లేకపోతే ఇవేవీ మొదలుపెట్టబాకండి. కొళాయి కూడా అంతే, పెట్టడం ఒక రోజు పని, ఫిల్టరు మార్చేది ఎవరు అనేది కాగితం మీద రాసుకోవాల. వైకుంఠ ఏకాదశికి 2025 డిసెంబర్‌లో మొదటి మూడు రోజులకి ఆన్‌లైన్ డిప్, అంటే లాటరీ మాదిరి, పెట్టినారు కాబట్టి ఆ పార్కులో అంత జనం రాకపోవచ్చు, కానీ ఊళ్ళో లైన్లు ఎప్పుడూ ఉంటాయి.

కోనేటికట్ట_వాసి
సరే, అర్జీ డ్రాఫ్టులో ఇవి పెడతా ఉండా. గేటుకి వెనకాల ఆరు బెంచీలు, గోడలో పొదిగిన పలక, కుప్పం గ్రీన్, పేర్లు తెలుగులో, బయటోళ్ళవి వాళ్ళ భాషలో కూడా, అవతలి మూల ఆడోళ్ళకి మగోళ్ళకి మరుగుదొడ్లు. నేల మీద చదరాలు పెట్టాలా వద్దా అనేది ఇంకా నాకు తేలలేదు, కొంతమందికి ఆ చోటు తొక్కడం అపశకునంగా అనిపించొచ్చు.

ఎస్వీ_స్కెచ్‌బుక్
చదరాలు ముందు సున్నంతో గీసి చూద్దాం సార్. నిజంగా ఏడుగురం ఒక చదరంలో నిలబడి చూస్తే అప్పుడు కావాలో వద్దో మనకే తెలుస్తాది.

సిమెంటు_సారు
ఆదివారం పొద్దున ఆరింటికి నేను టేపు తెస్తా. గేటు వెడల్పు, గోడ పొడవు, బెంచీలకి చోటు అన్నీ కొలిచేద్దాం.

పీలేరు_పిల్లోడు
నేను ఫస్ట్ బస్సుకి వస్తా. సున్నం ఎవరు తెస్తారు?

చిత్తూరు_రాయి
సున్నం నాది. రాయి శాంపిల్ కూడా ఒక ముక్క తెస్తా, ఎండలో పెట్టి చెయ్యి పెట్టి చూడండి.